ఉప్పుదీవిలో వరిచేను

ఆ ఊళ్ళో నదిని చూడాలంటే మెట్లు దిగక్కర్లేదు... గట్టు ఎక్కాలి! పొలాలు కింద ఉంటాయి, నది పైన ఉంటుంది. రెంటికీ మధ్య అడ్డం ఓ మట్టికట్ట. పోటు వేళ ఆ కట్ట మీద నిలబడి ఓ పక్కకి చూస్తే నీళ్ళు దాదాపు పాదాల దాకా వచ్చి ఊగుతుంటాయి. రెండో పక్కకి తిరిగితే, ఆ నీటిమట్టం కన్నా లోతున వరిచేలు, చేపల గుంటలు, అరటి చెట్లు, ఇళ్ళు. నీళ్ళు చూస్తే సముద్రమంత... పొలానికి పెట్టడానికి మాత్రం చుక్క పనికిరాదు. అన్నీ ఉప్పే.

పశ్చిమ బెంగాల్‌లో, సుందర్‌బన్స్ అంచున ఉన్న గోసాబా దీవి తీరు ఇది.

సుందర్‌బన్స్ అనగానే మనకి పెద్దపులి గుర్తొస్తుంది. పర్యటకుల పడవలు కూడా పులి కోసమే గోసాబాని దాటుకుంటూ అడవి వైపు సాగిపోతాయి. ఒక్క పూట అక్కడ దిగితే మరో కథ వినొచ్చు. స్కాట్లాండ్ నుంచి వచ్చిన ఒక వ్యాపారి, స్కూల్లో పాఠాలు చెప్పడానికి వచ్చిన ఒక బెంగాలీ హెడ్మాస్టరు... రెండు తరాల తేడాతో ఇదే దీవిలో ఒకే ప్రశ్నకి జవాబు వెతికారు. పండేది ఒక్క పంట, చుట్టూ ఉప్పునీరు, అడుగు బయటపెడితే పులి, మొసలి. ఇలాంటి చోట పేదవాడు తన కాళ్ళ మీద తాను నిలబడాలంటే ఏం చెయ్యాలి? ఇద్దరూ వెతుక్కుంటూ వెళ్ళి ఆగింది పొలం దగ్గరే!

కిందికి దిగిన నేల

మన దేశం వైపు ఉన్న సుందర్‌బన్స్‌లో 102 దీవులున్నాయి. వాటిలో 48 అడవికి, పులులకి. మిగతా 54 దీవుల్లో మనుషులుంటారు. అంచు ప్రాంతాలన్నీ కలుపుకుంటే జనాభా సుమారు 45 లక్షలు. ఈ దీవుల చుట్టూ కట్టిన మట్టికట్టల పొడవు దాదాపు 3,500 కిలోమీటర్లు. కట్ట నిలిస్తే ఊరుంటుంది, తెగితే లేదు. లెక్క అంత సూటిగా ఉంటుంది.

ఇంతకీ నేల నదికన్నా కిందికి ఎందుకుంది? అక్కడి నదులు రోజుకి రెండుసార్లు పొంగుతాయి, రెండుసార్లు తీస్తాయి. పొంగినప్పుడల్లా నీళ్ళతోపాటు వచ్చిన ఒండ్రు దీవి మీద పరుచుకుని, నేల కొద్దికొద్దిగా ఎత్తు పెరగాలి. అది వందల ఏళ్ళ పని. బ్రిటిష్ ప్రభుత్వానికి అంత ఓపిక లేదు. శిస్తు కావాలి. అందుకే మడ అడవులు నరికించి, నేల పూర్తిగా లేవకముందే చుట్టూ కట్టలు పోయించి, సాగుకి ఇచ్చేసింది. ఆ రోజు నుంచి ఒండ్రు దీవి మీదికి రావడం మానేసి నది అడుగున చేరడం మొదలెట్టింది. నది అడుగు పైకి లేస్తోంది, నేల మాత్రం ఎక్కడిదక్కడే ఉండిపోయింది. తాతలు చేసిన తొందరకి మనవలు కట్టలకు మట్టి మోస్తున్నారన్నమాట.

గోసాబా దారిలో...

కోల్‌కతాలోని సియాల్దా స్టేషన్లో క్యానింగ్ లోకల్ ఎక్కితే గంటన్నర ప్రయాణం. తెల్లవారుజామున ఎదురొచ్చే రైళ్ళలో కోల్‌కతా ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు, చేపల బుట్టలు, కూరగాయల మూటలు కిక్కిరిసి ఉంటాయి. గవర్నర్ జనరల్ క్యానింగ్ పేరు పెట్టుకున్న ఈ పట్నాన్ని బ్రిటిష్‌వాళ్ళు ఒకప్పుడు కలకత్తాకి దీటైన రేవుగా చేద్దామనుకున్నారు. 1867లో వచ్చిన తుపాను ఆ కలని ఈడ్చుకుపోయింది. ఇప్పుడది రైలు ఆగిపోయే చోటు, దీవుల ప్రయాణం మొదలయ్యే చోటు.

క్యానింగ్ నుంచి మాత్లా నది మీది వంతెన దాటి, రోడ్డు మీద గద్ఖాలీ రేవుకి చేరుకోవాలి. అక్కడితో రోడ్డు అయిపోతుంది. సైకిళ్ళు, మేకలు, సిమెంటు బస్తాలు, స్కూలు పిల్లలు... అందరితోపాటు ఇంజను పడవెక్కి నది దాటితే అవతలి ఒడ్డే గోసాబా. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వెళ్తే ఎండ బాధ, తుపాను భయం రెండూ ఉండవు.

రేవు నుంచి బజారు దాటి కాస్త నడిస్తే స్తంభాల మీద నిలబెట్టిన రెండు చెక్క బంగళాలు కనిపిస్తాయి. ఒకటి హామిల్టన్ బంగళా. రెండోది బేకన్ బంగళా. 1932 డిసెంబరు చివర్లో రవీంద్రనాథ్ టాగోర్ బస చేసింది ఈ రెండోదాంట్లోనే. అప్పటికి నోబెల్ అందుకుని దాదాపు ఇరవై ఏళ్ళయిన విశ్వకవి, డెబ్భై దాటిన వయసులో ఈ బురదదీవికి ఎందుకొచ్చినట్టు?

దొరగారి రూపాయి

డేనియల్ హామిల్టన్ 1860లో పుట్టాడు. స్కాట్లాండ్‌లోని ఆరన్ దీవి వాళ్ళ కుటుంబానిది. మెకిన్నన్ మెకంజీ అనే ఓడల కంపెనీలో పనికోసం ఇరవై ఏళ్ళ వయసులో మనదేశానికి వచ్చి, కలకత్తాలో ఆ కంపెనీకే పెద్ద అయ్యాడు. డబ్బు బాగా సంపాదించాడు. సంపాదించినవాడు స్వదేశం వెళ్ళిపోయి కోటలాంటి ఇల్లు కట్టుకోవడం ఆ రోజుల్లో రివాజు. హామిల్టన్ మాత్రం 1903లో ప్రభుత్వం దగ్గర సుందర్‌బన్స్‌లో సుమారు 9 వేల ఎకరాలు తీసుకున్నాడు. గోసాబా, రంగాబెలియా, సాత్‌జెలియా... అప్పటికి అవన్నీ అడవి, బురద, పులులు.

మేదినీపూర్ నుంచి, ఖుల్నా నుంచి, ఒడిశా నుంచి, ఛోటానాగపూర్ కొండల నుంచి భూమిలేని జనం వచ్చారు. అడవి కొట్టారు, కట్టలు పోశారు. రైతుని ముంచేది వరదకన్నా ముందు వడ్డీ అని హామిల్టన్ నమ్మకం. అందుకే తన ఎస్టేటులోకి వడ్డీ వ్యాపారిని అడుగుపెట్టనివ్వలేదు. మరి అప్పెవరిస్తారు? 1915లో పదిహేనుమంది సభ్యులతో, తాను ఇచ్చిన 500 రూపాయల మూలధనంతో సహకార పరపతి సంఘం పెట్టించాడు. ఆ తరవాత సహకార దుకాణం వచ్చింది. 1923లో ధాన్యం అమ్మకాల సంఘం, 1924లో సహకార బ్యాంకు, 1927లో రైస్ మిల్లు. ఏ వరి ఉప్పుకి ఓర్చుకుంటుందో, ఏ కూరగాయ, ఏ పండు ఈ నేలలో బతుకుతుందో చూడ్డానికి ఒక నమూనా వ్యవసాయ క్షేత్రం. బడులు, వైద్యం. 1934లో చదువుకున్న కుర్రాళ్ళకి సేద్యం, చేతిపనులు నేర్పే గ్రామ పునర్నిర్మాణ సంస్థ.

1936లో ఇంకో చిత్రం చేశాడు. తన పేరుతో ఒక రూపాయి నోటు అచ్చు వేయించాడు! అది పట్టుకుని గోసాబా సహకార భండారుకి వెళ్తే రూపాయి విలువైన బియ్యమో, బట్టో, నూనో ఇస్తారు. చేసిన పనికి బదులుగా ఆ నోటు చేతికొస్తుంది. డబ్బుకి విలువనిచ్చేది ఖజానాలో మూలిగే లోహం కాదని, కట్ట పోసి, చెరువు తవ్వి, ఇల్లు కట్టే మనిషేనని ఆ నోటు వెనక రాయించాడు.

శాంతినికేతన్ పక్కనే శ్రీనికేతన్ పెట్టి, 1922 నుంచి పల్లెల బాగు కోసం తపిస్తున్న టాగోర్‌ని గోసాబాకి రప్పించింది ఇదే.

అయితే ఈ కథలో ఓ మెలిక ఉంది. ఎంత మంచివాడైనా దొర దొరే. భూమి ఆయనది, నిర్ణయం ఆయనది, ఆలోచన ఆయనది. 1939లో ఆయన కన్నుమూశాడు. స్వాతంత్ర్యం తరవాత జమీందారీలు రద్దయ్యాయి. నడిపించే చెయ్యి లేక సహకార సంఘాలు ఒకటొకటిగా నీరసించాయి. నోటు జ్ఞాపకంగా మిగిలింది. రైతు మళ్ళీ ఒక్క పంటకి, అప్పుకి వచ్చి చేరాడు.

హెడ్మాస్టరు కనిపెట్టిన జబ్బు

గోసాబా బజారు నుంచి బ్యాటరీ రిక్షా ఎక్కి దక్షిణంగా వెళ్తే రంగాబెలియా. 1967లో అక్కడి హైస్కూలుకి తుషార్ కాంజీలాల్ అనే కొత్త హెడ్మాస్టరు కుటుంబంతో సహా వచ్చారు. ఆయన పుట్టింది ఇప్పటి బంగ్లాదేశ్‌లోని నోఖాలీలో. వామపక్ష రాజకీయాల్లో తిరిగిన మనిషి.

తరగతిలో పిల్లలు కునుకుతున్నారు. పాఠం బుర్రకెక్కడం లేదు. ఏ మాస్టారైనా ముందు బెత్తం వైపు చూసే రోజులవి. ఈయన పిల్లల ఇళ్ళవైపు చూశారు. ఉపాధ్యాయులు, విద్యార్థులు కలిసి ఇల్లిల్లూ తిరిగి వివరాలు రాసుకున్నారు. తేలింది ఒక్కటే... ఆకలి. ఏడాదిలో చాలా నెలలు ఆ ఇళ్ళల్లో రెండు పూటలా పొయ్యి వెలగడం లేదు. కడుపులో ఏమీ లేని పిల్లాడికి లెక్కలు చెప్పి ఏం లాభం? బడి బాగుపడాలంటే ముందు పొలం బాగుపడాలి. అక్కడి నుంచి హెడ్మాస్టరు వ్యవసాయంలోకి దిగారు.

స్వాతంత్ర్య సమరయోధుడు పన్నాలాల్ దాస్‌గుప్తా 1969లో స్థాపించిన టాగోర్ సొసైటీ ఫర్ రూరల్ డెవలప్‌మెంట్‌తో కాంజీలాల్ చేతులు కలిపారు. రంగాబెలియా ఆ స్వచ్ఛంద సంస్థకి ప్రయోగశాల అయింది. మంచి మాటలు, దానధర్మాలు మొదలయ్యే చోట, వాళ్ళ పని ఓ గుంట తవ్వడంతో మొదలైంది!

గుంట చుట్టూ సంసారం

ఆ గుంట వెనక ఉన్న లెక్క మన డెల్టా రైతులకి ఇట్టే అర్థమవుతుంది. సుందర్‌బన్స్‌లో ఏటా 1,600 మిల్లీమీటర్లకి పైగా వాన పడుతుంది. అందులో చాలాభాగం జూన్ నుంచి అక్టోబరులోపే. ఆ నీళ్ళతో ఒక వరి పండుతుంది. మన భాషలో చెప్పాలంటే సార్వా తప్ప దాళ్వా ఎరగని నేల. వానలు ఆగాక కాలువ నీళ్ళు ఉప్పు. పై పొరల్లోని భూగర్భ జలం ఉప్పు. తాగడానికే వందల అడుగుల లోతు బోర్లు వెయ్యాలి. ఎండలు ముదిరేకొద్దీ అడుగునున్న ఉప్పు పైకెక్కి పొలం మీద తెల్లగా చవుడు తేలుతుంది. డిసెంబరులో కోత అయిపోతే మళ్ళీ వానలదాకా రైతుకి పనిలేదు. అప్పుడే అడవి వైపు చూస్తాడు. తేనె కోసం, పీతల కోసం, చేపల కోసం వెళ్ళి పులినోట పడ్డ మనుషుల కథలు ప్రతి ఊళ్ళోనూ ఉంటాయి.

కాబట్టి రెండో పంట అంటే ఆ దీవిలో ఆదాయం ఒక్కటే కాదు... మగవాడు అడవికి వెళ్ళనక్కర్లేని కొన్ని నెలలు!

దానికి మార్గం, వానాకాలంలో ఊరికే నదిలోకి పోయే తీపినీటిని పొలంలోనే పట్టి ఉంచడం. రైతు తనకున్న చెక్కలో కొంత భాగం తవ్వి గుంట చెయ్యాలి. క్యానింగ్‌లో ఉన్న కేంద్ర లవణ నేలల పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం శాస్త్రవేత్తలు తరవాతి కాలంలో దీన్ని మరింత పద్ధతిగా మలిచారు. పొలంలో అయిదోవంతు భాగాన్ని పది అడుగుల లోతున తవ్వాలి. తీసిన మట్టితో మిగతా పొలం మట్టం పెంచాలి, చుట్టూ వెడల్పాటి గట్లు వెయ్యాలి. ఎత్తు చేసిన చోట కూరగాయలు, పల్లంలో వరి, గట్ల మీద అరటి, గుంటలో చేపలు, నీటిమీద బాతులు. వేసవి ముందు నెలల్లో ఆ గుంట నీళ్ళతోనే మిరప, పుచ్చ పండించుకోవచ్చు. నేల తడిగా, ఏదో ఒక పంటతో కప్పి ఉంటే చవుడు తేలడం కూడా తగ్గుతుంది.

ఎకరం రైతుకి అయిదోవంతు నేల వదులుకోమంటే మాటలా! అదీ ఒక్క వరి చేలోనే తిండి గింజలు చూసుకునే దీవిలో. అలాంటిచోట ఉపన్యాసాలు పనిచెయ్యవు. పక్కవాడి గుంటలో చేపలు కనపడాలి, పక్కవాడి చేలో మిరపకాయలు ఎర్రబడాలి.

కాంజీలాల్ సతీమణి బీనా కాంజీలాల్ ఆడవాళ్ళని కూడగట్టి మహిళా సమితి నడిపించారు. నేత, కుట్టుపని, కోళ్ళు, బాతులు... ఇలా ఇంటిపట్టున నాలుగు డబ్బులు చూసే పనులు నేర్పించారు. నడుములోతు ఉప్పునీళ్ళలో, మొసళ్ళ భయంతో, రొయ్యపిల్లల కోసం వల లాగే ఆడవాళ్ళున్న దీవుల్లో ఇంటి దగ్గర దొరికే ఆ నాలుగు డబ్బుల విలువ ఎంతో చెప్పనక్కర్లేదు. సేద్యం, ఆరోగ్యం, మహిళల ఉపాధి, చదువు... రంగాబెలియా పని క్రమంగా చుట్టుపక్కల దీవులకీ పాకింది. 1986లో కాంజీలాల్‌ని పద్మశ్రీ వరించింది. పదవీ విరమణ తరవాతా ఆయన సుందర్‌బన్స్ పని వదల్లేదు. సుందర్‌బన్స్‌ని చంపిందెవరు అని పేరులోనే నిలదీస్తూ ఓ పుస్తకం కూడా రాశారు. పులి కోసం వచ్చే డబ్బుని, మనసుని అందులో కాస్త అయినా ఇక్కడి మనిషి కోసం ఖర్చుపెట్టండన్నది ఆయన జీవితాంతం చేసిన పోరు.

కట్ట తెగిన రోజు

2009 మే 25. ఐలా తుపాను. గంటల వ్యవధిలో కట్టలు చాలాచోట్ల తెగిపోయాయి. నది దీవుల్లోకి దిగింది. పొలాలు మునిగాయి. అంతకన్నా ఘోరం, గుంటలు మునిగాయి. ఏళ్ళ తరబడి తవ్వి నింపుకున్న తీపినీరు ఒక్క పోటుకి ఉప్పయిపోయింది. చేపలు తేలిపోయాయి.

1977 నవంబరు 19 నాటి ఉప్పెన చూసిన దివిసీమవాళ్ళకి ఈ బాధ ఒకరు చెప్పక్కర్లేదు. నీరు తీసినా ఉప్పు తియ్యదు. వానలు కొన్నేళ్ళపాటు కడిగితే తప్ప నేల మళ్ళీ వరిని మొయ్యదు. ఐలా తరవాత రెండు మూడేళ్ళు చాలా పొలాల్లో పంట లేదు. ఆ రోజుల్లోనే సుందర్‌బన్స్ మగవాళ్ళు పెద్ద సంఖ్యలో కేరళకి, తమిళనాడుకి, అండమాన్‌కి కూలికి వెళ్ళడం మొదలెట్టారు.

ఆ కష్టంలోనే పాత విత్తనాలు గుర్తొచ్చాయి. అధిక దిగుబడి రకాలు వచ్చాక రైతులు వదిలేసిన నోనా బొక్రా లాంటి దేశవాళీ వరి కోసం వెతుకులాట సాగింది. బెంగాలీలో నోనా అంటే ఉప్పన. దిగుబడి తక్కువే కానీ ఉప్పు తగిలినా చావదు. ఉప్పుకి ఓర్చే సుందర్‌బన్స్ వరి రకాల జాబితాలో నది పేరుతో మాత్లా ఉంది. ఇంకో రకం పేరు... హామిల్టన్! దొర నోటు ఇప్పుడు చెల్లదు. ఆ పేరున్న గింజ మాత్రం ఇంకా మొలకెత్తుతోంది.

తుషార్ కాంజీలాల్ 2020 జనవరిలో 84 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. నాలుగు నెలలు తిరక్కుండానే, మే 20న, ఆంఫన్ తుపాను సుందర్‌బన్స్‌ని తాకింది. మరుసటి ఏడాది మే 26న యాస్. రెండు తుపాన్లలోనూ మళ్ళీ అదే... కట్టలు తెగడం, పొలాల్లో ఉప్పు.

ఎవరిదీ కట్ట?

పొలం రైతుది. గుంట రైతుది. విత్తనం రైతుది. వాటన్నింటినీ కాపాడే కట్ట మాత్రం ప్రభుత్వానిది. ఐలా తరవాత కొన్నిచోట్ల ఇటుక, కాంక్రీటు కట్టలు వేశారు. వెడల్పాటి కట్టకి వెడల్పాటి భూమి కావాలి. ఉన్న ఎకరంలో గుంటకి అయిదోవంతు ఇచ్చిన రైతు, కట్టకి ఎంత ఇవ్వగలడు? మట్టికట్ట ముందు మడ మొక్కలు నాటితే అలల జోరు తగ్గుతుందని ఊళ్ళ ఆడవాళ్ళు బురదలో దిగి మొక్కలు నాటుతున్నారు. ఒకప్పుడు అడవిని నరికి కట్ట పోస్తే, ఇవాళ కట్టని కాపాడటానికి అడవిని నాటుతున్నారు.

సముద్రమట్టం పెరుగుతోంది. పడమటి వైపున్న లోహాచరా దీవి ఇప్పటికే మునిగిపోయింది. దాని పొరుగున ఉన్న ఘోరామారా ఏటేటా కోసుకుపోతోంది, అక్కడివాళ్ళు చాలామంది సాగర్ దీవికి తరలిపోయారు. దక్షిణపు దీవుల్లో మనుషులు ఎన్నాళ్ళు ఉండగలరని అడిగేవాళ్ళు నిపుణుల్లోనూ ఉన్నారు. గోసాబా రైతు దగ్గర ఆ ప్రశ్నకి జవాబు లేదు. వానాకాలం రాగానే నారు పోస్తాడు. అంతే.

హామిల్టన్ ఎస్టేటు నుంచి రంగాబెలియా దాకా ఈ దీవిలో జరిగిన మంచి పని అంతా ఒక విషయం చెబుతుంది. తుపాను తరవాత పడవల్లో వచ్చే బియ్యం బస్తాలు ప్రాణం నిలబెడతాయి, వాటిని తక్కువ చెయ్యకూడదు. కానీ ఆ బస్తా నెలలో అయిపోతుంది. గుంట అలా కాదు, ఉప్పయినా సరే, తోడి పోసి మళ్ళీ వాననీటితో నింపుకోవచ్చు. నేర్చుకున్న సేద్యం, దాచుకున్న విత్తనం, ఆడవాళ్ళ చేతిలోని పని కూడా అంతే. దొర పోతే ఆగిపోయినవి ఆగిపోయాయి. రైతు చేతికి అందినవి మాత్రం మూడు తుపాన్లని దాటుకుని వచ్చాయి.

సుందర్‌బన్స్ వెళ్ళే తెలుగువాళ్ళు ఎందరో ఉంటారు. పులి కనబడుతుందో లేదో ఎవరూ చెప్పలేరు. చాలామందికి కనబడదు కూడా. కానీ శీతాకాలంలో గోసాబా నుంచి రంగాబెలియా దారి పట్టిన ఎవరికైనా పచ్చని మిరపచేను, దాని పక్కన తీపినీటి గుంట కనబడతాయి. నదికన్నా పల్లంలో, చుట్టూ ఉప్పు పెట్టుకుని, ఆ పచ్చదనం నిలబడటమే అక్కడి అసలు వింత!